తెలుగు న్యూస్ సైట్‌లో ఉద్యోగం: టెస్టుకు, ఇంటర్వ్యూకు ఎలా తయారవ్వాలి?

నమస్కారం. హైదరాబాద్‌లోని ఓ తెలుగు న్యూస్ సైట్ నుంచి మీకు ఫోన్ వచ్చిందనుకోండి. సబ్ ఎడిటర్ పోస్టు, అంటే వచ్చిన వార్తను సరిదిద్ది హెడ్డింగ్ పెట్టే పని. వచ్చే సోమవారం టెస్టు, ఆ వెంటనే ఇంటర్వ్యూ. చాలామంది వెంటనే జీకే పుస్తకం పట్టుకుంటారు. మంత్రుల పేర్లు, శాఖలు తెలిసి ఉండాల్సిందే. కానీ ఒక వార్త చేతికిస్తే దాన్ని మీరు ఏం చేస్తారన్న దగ్గరే అసలు విషయం తేలిపోతుంది. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు టెస్టు గురించే మాట్లాడతాను.

ముందుగా టైపింగ్. పేపర్లో పనిచేసి వచ్చేవాళ్లలో చాలామందికి 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లు అలవాటు. సైట్‌కు యూనికోడ్ కావాలి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి. ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఫొనెటిక్... మీ చెయ్యి తిరిగిన కీబోర్డ్ లేఅవుట్ (అక్షరాల అమరిక) ఏదైనా ఫర్వాలేదు, యూనికోడ్‌లో తడుముకోకుండా కొట్టగలగాలి. వాళ్ల కంప్యూటర్‌లో ఆ కీబోర్డ్ ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక టెస్టు. న్యూస్ ఏజెన్సీ పంపిన ఇంగ్లిష్ కాపీనో (వార్త పాఠం), ప్రెస్ నోటో ఇచ్చి వార్త రాసి హెడ్డింగ్ పెట్టమంటారు. ఓ ఉదాహరణ ఊహించుకుందాం.

(స్క్రీన్‌పై: శ్రీశైలం నీటిమట్టం 884 అడుగులు. 2 గేట్లు 10 అడుగుల మేర ఎత్తి సాగర్‌కు నీటి విడుదల.)

చటుక్కున తట్టే హెడ్డింగ్ 'నిండుకుండలా శ్రీశైలం'. పేపర్లో ఫొటో పక్కన అది బాగానే ఉంటుంది. ఫోన్‌లో వెతికేవాళ్లు మాత్రం 'శ్రీశైలం డ్యామ్ గేట్లు' అని కొడతారు. కాబట్టి సైట్‌కు ఇలా పెట్టండి.

(స్క్రీన్‌పై: శ్రీశైలం డ్యామ్ రెండు గేట్లు ఎత్తివేత.. 884 అడుగులకు నీటిమట్టం)

నోటిఫికేషన్ అయితే ఇంకా కుదించాలి: 'శ్రీశైలం గేట్లు తెరిచారు.. సాగర్‌కు కృష్ణమ్మ'. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు రెండు మూడు మాటలు చాలు. అడగకపోయినా ఈ మూడూ రాసి ఇవ్వండి, ఎడిటర్ కంట్లో పడతారు. 'ప్రమాదపుటంచున శ్రీశైలం' అని మాత్రం రాయకండి. అక్కడ పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. దానికి దగ్గరపడి, వరద ఇంకా వస్తుంటే గేట్లు ఎత్తడం మామూలే. దిగువ ఊళ్లవాళ్లను హడలగొట్టి తెచ్చుకునే క్లిక్కులు మనకు వద్దు.

ఇంటర్వ్యూలో దీనికి కొనసాగింపుగా అడగదగ్గ ప్రశ్న: 'గేట్లు ఎత్తిన వీడియో వాట్సాప్‌లో వచ్చింది, వాడతారా?' వానాకాలం వచ్చిందంటే పాత వరద వీడియోలు మళ్లీ తిరుగుతాయి. 'చెక్ చేస్తాను సార్' అంటే సరిపోదు, ఎలాగో చెప్పాలి. రెండు మూడు చోట్ల వీడియో ఆపి, స్క్రీన్‌షాట్లు తీసి, గూగుల్ లెన్స్‌లో వెతుకుతానని చెప్పండి. ఎన్ని గేట్లు తెరిచి ఉన్నాయో లెక్కపెడతానని చెప్పండి. నోట్‌లో 2 ఉండి వీడియోలో 10 కనిపిస్తే అక్కడితో ఆపేయాల్సిందే. ఆ తర్వాత అక్కడి రిపోర్టర్‌కు ఫోన్.

అనువాదంలో ఊళ్ల పేర్ల దగ్గర జాగ్రత్త. ఇంగ్లిష్ కాపీలో భోంగిర్ అని ఉంటే మనం భువనగిరి అనే రాయాలి. ఏఐ టూల్ ఇచ్చినదాన్ని చూసుకోకుండా అతికిస్తే ఇలాంటి చోటే దొరికిపోతారు. 'ఏఐ వాడతారా?' అని అడిగితే దాచాల్సిన పనేం లేదు. దేనికి వాడతారు, పేర్లు, అంకెలు మళ్లీ ఎలా సరిచూస్తారు అన్నది వివరంగా చెప్పండి.

ఇప్పుడు చెప్పబోయేది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మైనర్ బాలికపై అఘాయిత్యం జరిగిన వార్త ఇచ్చారనుకోండి. కాపీలో ఆమె తండ్రి పేరు, ఊరు, చదివే స్కూలు అన్నీ ఉన్నాయి. ఇచ్చిన కాపీయే కదా అని రాసేయకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫొటో, చిరునామా, కుటుంబ వివరాలు, స్కూలు... వాళ్లెవరో తెలిసిపోయే ఏ వివరమూ మీడియాలో రాకూడదు. బాధితులు పెద్దవాళ్లయినా, అత్యాచారం కేసుల్లో వాళ్లను గుర్తుపట్టేలా రాయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. ఆ వివరాలన్నీ తీసేసి, ఎందుకు తీశారో కింద ఒక్క లైను రాయండి. హెడ్డింగ్ కాస్త తేలిపోయినా సర్దుకుంటారు. ఇక్కడ తప్పితే ఆ పిల్ల జీవితాంతం మోయాలి.

ఇంటర్వ్యూకు ముందు నాలుగైదు రోజులు వాళ్ల సైట్‌ను ఫోన్‌లోనే చదవండి. పాఠకులు ఎక్కువగా చూసేది అందులోనే. ఒకే వార్తను వాళ్లెలా రాశారు, బీబీసీ తెలుగు ఎలా రాసింది, ఈటీవీ భారత్ ఎలా ఇచ్చింది పోల్చి చూడండి. వాళ్లు వదిలేసిన వార్త ఒకటి నోట్ చేసుకోండి. 'మా సైట్ ఎలా ఉంది?' అన్నప్పుడు 'బాగుంది మేడమ్' అని ఊరుకోకుండా, 'మొన్న పత్తి ధరల వార్తలో ఏ మార్కెట్ యార్డు ధరో లేదు, అది ఉంటే రైతుకు పనికొచ్చేది' అన్నట్టుగా చెప్పగలగాలి. మర్యాదగా చెబితే ఎవరూ నొచ్చుకోరు.

అనుభవం లేదని టెన్షన్ పడకండి. మీ ఊరి మార్కెట్ యార్డు మీదో, బస్సు రాని రూటు మీదో రెండు మూడు వార్తలు మీరే రాసి పట్టుకెళ్లండి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, వాళ్ల మాటలు, తేదీలు సరిగ్గా రాస్తే అదే మీ అనుభవం.

చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటారు. మొహమాటపడకుండా అడగండి. నైట్ షిఫ్ట్ నెలకు ఎన్నిసార్లు? రాత్రిపూట ఇంటికి క్యాబ్ ఇస్తారా? ప్రొబేషన్ ఎన్ని నెలలు? వార్తలో తప్పు దొర్లితే సవరణ వేస్తారా, చప్పుడు చేయకుండా మార్చేస్తారా? ఈ చివరి ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబు శ్రద్ధగా వినండి. అక్కడ చేరాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోవడానికి జీతం అంకె కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.