పాత వాషింగ్ మెషీన్ కింద నీళ్లు: బాగు చేయించాలా, మార్చేయాలా?

నమస్కారం. ఈసారి రివ్యూకి వచ్చింది కొత్త సరుకు కాదు. 1990ల నాటి సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్. ఒక పక్క ఉతికే టబ్, ఇంకో పక్క డ్రయ్యర్. కంపెనీ పేరు మీద టేపు అంటించాను. ఈ తరహా మెషీన్లు ఎవరు చేసినా లోపలి అమరిక దాదాపు ఒకటే, కాబట్టి పేరుతో మనకు పని లేదు. ఇది మా పక్కింటి మామ్మగారిది. ఉతకడంలో వంక పెట్టడానికి లేదు కానీ అడుగున నీళ్లు కారుతున్నాయి. ఇంతకుముందు చూసిన మెకానిక్ "పాతబడింది, మార్చేయండి" అని చెప్పి వెళ్లిపోయాడట. ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపి, "బాబూ, నువ్వూ ఆ మాటే చెప్పేటట్లయితే లోపలికి రానక్కర్లేదు" అన్నారు. ఆ షరతు మీదే లోపలికి వచ్చాను.

ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు చేతికి రావాలి. వెనక మూతకున్న స్క్రూలు తీస్తే ఇదిగో, కడుపులో ఉన్నదంతా కనిపిస్తుంది. ఈ డబ్బీల్లాంటివి కెపాసిటర్లు. కరెంటు లేకపోయినా వీటిలో కొంత ఛార్జ్ నిలిచి ఉండవచ్చు, వాటి కొసలను ముట్టుకోకండి. ఇది ఉతికే మోటారు, ఇది బెల్టు, ఇది గేర్‌బాక్సు. అటు పక్క స్ప్రింగుల మీద కూర్చున్నది డ్రయ్యర్ మోటారు. సర్క్యూట్ బోర్డు అన్నది ఎక్కడా లేదు. టైమర్ కూడా తిప్పి వదిలితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి వచ్చే స్ప్రింగు టైమరే. ఏ భాగానికి ఆ భాగం విడిగా ఊడి వస్తుంది, విడిగా దొరుకుతుంది. నా లెక్కలో ఈ మెషీన్‌కు సగం మార్కులు ఇక్కడే పడిపోయాయి.

సరే, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. గచ్చు మీద మడుగు ఎటు కట్టిందో చూసి లీకు అటే ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. గచ్చు వాలు ఎటుంటే నీళ్లు అటు పోతాయి. అందుకే మెషీన్ కింద పాత తెల్ల దుప్పటి ఒకటి పరిచాను. ఉతికే టబ్‌లో నీళ్లు నింపి, అందులో నాలుగు చుక్కలు నీలిమందు వేశాను. దుప్పటి మీద నీలం మరక ఎక్కడ పడితే ఆ పైభాగాన్ని వెతకాలి.

టబ్ నిండుగా ఉంచి కాసేపు చూశాం. దుప్పటి పొడిగానే ఉంది. అంటే పల్సేటర్ (టబ్ అడుగున బట్టలను తిప్పే చక్రం) కింద, గేర్‌బాక్సు ఇరుసు చుట్టూ నీళ్లు కారకుండా ఆపే రబ్బరు సీలు బాగానే ఉంది. అది పోయి ఉంటే నీలం చుక్కలు సరిగ్గా గేర్‌బాక్సు కింద పడేవి. బెల్టు తడిసి జారేది, చక్రం నీరసంగా తిరిగేది. టబ్‌లో నీటిమట్టం కూడా తగ్గలేదు కాబట్టి డ్రెయిన్ వాల్వు కూడా సరిగ్గా మూసుకుంటున్నట్టే. కింద చుక్క పడకుండానే టబ్ ఖాళీ అవుతుంటే మాత్రం ఆ వాల్వు రబ్బరు కింద ఏ బొత్తామో, పిన్నీసో, దారపు ఉండో ఇరుక్కుందని అర్థం. అది శుభ్రం చేసుకుంటే పోయేదే, ఖర్చు ఉండదు.

ఇప్పుడు నాబ్‌ను డ్రెయిన్ వైపు తిప్పాను. చూడండి, అసలు విషయం ఇక్కడుంది. డ్రయ్యర్‌ను ముట్టుకోనే లేదు. అయినా డ్రయ్యర్ మోటారు మీద నీలం చుక్క పడింది. ఆ వెంటనే ఇంకొకటి. ఉతికే టబ్‌లోని నీళ్లు అక్కడికి ఎలా వెళ్లాయి? ఈ మెషీన్లలో రెండు టబ్‌లకూ బయటకు పోయే దారి ఒకటే. నీళ్లు పోయే పైపును మామ్మగారి ఇంట్లో బాత్రూమ్ గడప మీదుగా ఎత్తి అవతల పడేశారు. పైపు ఎత్తుగా ఉంటే నీళ్లు వెనక్కి తన్ని డ్రయ్యర్ అడుగుకు ఎక్కుతాయి. అక్కడ ఇరుసు చుట్టూ ఉండే స్పిన్ సీలు ఆ నీటిలో మునుగుతుంది. సీలు గట్టిగా ఉంటే పర్వాలేదు. ఇదేమో బిరుసెక్కి పగిలింది. కింద మోటారు నెత్తిన అభిషేకం. దీన్ని ఎక్కువ కాలం వదిలేస్తే బేరింగులు తుప్పు పట్టి అరుస్తాయి, షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. సీలు ధరకు మోటారు ధర ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి అన్ని లీకుల్లోకీ ముందు చూడవలసింది ఇదే.

సీలు మార్చడం ఎలాగంటే, మోటారు పైన ఇరుసును పట్టి ఉంచే బోల్టును పానాతో వదులు చేసి, డ్రయ్యర్ బుట్టను నిటారుగా పైకి లాగాలి. ఏళ్ల తరబడి కదలనిది, కాస్త మొరాయిస్తుంది. బుట్ట వచ్చాక అడుగున కనిపించే ఈ నల్లటి రబ్బరు గిన్నే సీలు. వేళ్ల మధ్య మడిచి చూపిస్తున్నాను, మడత వెంబడి చీలికలు చూశారా? బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పొరలు కట్టింది. మంచి రబ్బరైతే మడిచినా చీలదు, వదలగానే మళ్లీ తన ఆకారానికి వస్తుంది.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లండి. "అన్నిటికీ సరిపోతుంది" అని దుకాణంలో ఇచ్చేది నేను తీసుకోను. ఇరుసు లావు, టబ్ రంధ్రం వెడల్పు, సీలు ఎత్తు, మూడూ కలవాలి. కొంచెం వదులైతే మళ్లీ కారుతుంది, బిగుతైతే ఇరుసును ఒరుసుకుని రబ్బరు కాలిన వాసన వస్తుంది. బిగించే ముందు ఇరుసును కూడా వేలితో తడిమి చూడండి. సన్నని తుప్పయితే నున్నటి ఎమెరీ కాగితంతో పోతుంది. గోరు ఆగేంత గాడి పడి ఉంటే ఎంత మంచి సీలు వేసినా నిలవదు, ఇరుసు కూడా మార్చాల్సిందే. దీని ఇరుసు బాగుంది. సీలు లోపల ఇరుసు చుట్టూ ఉండే గొట్టం లాంటి బుష్‌కు కాస్త గ్రీజు రాసి, బుట్టను మళ్లీ దించాను.

ఇక అతికించే సరుకుల సంగతి. పిసికి పెట్టే ఎపాక్సీ ముద్ద, ట్యూబులో వచ్చే సిలికాన్, రెండూ బాత్రూమ్ పనులకు బ్రహ్మాండంగా ఉంటాయి. ఇక్కడ మాత్రం నేను రెండింటికీ సున్నా ఇస్తాను. ఈ టబ్‌లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి, దాని మీద మామూలు జిగురేదీ సరిగ్గా పట్టదు. తిరిగే ఇరుసు చుట్టూ సిలికాన్ పూసే మహానుభావులు కూడా ఉన్నారు, వారికి నా నమస్కారం. టబ్ పక్క గోడకు చిన్న బీట ఉంటే అదే జాతి ప్లాస్టిక్‌ను వేడితో కరిగించి అతకవచ్చు. గేర్‌బాక్సు కూర్చునే అడుగు భాగంలో బీట వస్తే మాత్రం ఆ మెషీన్ మీద డబ్బు పెట్టకండి. ఉతికినంతసేపూ అక్కడ ఊగుతూనే ఉంటుంది, అతుకు ఆగదు. మామ్మగారి టబ్‌కు అలాంటిదేమీ లేదు.

ఇంకో చిన్న లీకు కూడా దొరికింది. డ్రెయిన్ పైపు మడతల్లో వెంట్రుకంత పగులు, దాని వెంట నీలం గీత. టేపు చుట్టడం దండగ, పైపు మొత్తం మార్చేశాను. కొత్త పైపును గడప ఎక్కించకుండా నేల మీదనుంచే తూము దాకా పంపాను.

వెనక మూత బిగించకముందే మళ్లీ నీలిమందు నీళ్లతో పరీక్ష పెట్టాను. నింపాం, వదిలాం, దుప్పటి పొడిగా ఉంది. అప్పుడు మూత బిగించి, ప్లగ్గు పెట్టి డ్రయ్యర్ తిప్పాం. అప్పుడూ చుక్క పడలేదు. మెషీన్ అడుగు తెరిచి ఉంటుంది కాబట్టి ఎలుకలు దూరి పైపులు, వైర్లు కొరకకుండా జాలీ కూడా బిగించాను. ఆ ప్లగ్ పాయింటుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించమని మామ్మగారికి చెప్పాను.

ఈ మెషీన్‌కు పదికి ఎనిమిది ఇస్తున్నాను. ఒక మార్కు రేకు అంచుల్లో తుప్పుకు పోయింది. ఇంకొకటి డ్రయ్యర్ బ్రేకుకు పోయింది. మూత ఎత్తగానే బుట్ట ఆగాలి, ఇది నింపాదిగా ఆగుతోంది. బ్రేకు వైరు సాగినట్టుంది. అది బిగించేదాకా బుట్ట పూర్తిగా ఆగకుండా చెయ్యి పెట్టవద్దని మామ్మగారితో గట్టిగా చెప్పాను. వచ్చే వీడియోలో ఆ పని చేద్దాం.