ఫ్లోరైడ్ నొప్పులే అనుకున్నాం

ఊళ్లలో వైద్యం చేసే మీ అందరికీ నమస్కారం.

మన కనిగిరి వైపు నడుము నొప్పి అంటే ఎవరూ ఉలిక్కిపడరు. బోరు నీళ్లు, ఫ్లోరైడ్, వంగిపోయిన నడుములు మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. మా నాన్న నొప్పి అన్నప్పుడు మేమూ అదే అనుకున్నాం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నేనూ అదే అనుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఊళ్లో సూది వేయించుకుంటే రెండు రోజులు పొలం వెళ్లొచ్చేవారు, మూడో రోజు మళ్లీ మంచం. టౌన్లో ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయన్నారు. ఇంకోచోట రక్తం 8 గ్రాములే ఉందని ఐరన్ టానిక్ రాశారు. ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు కిందికి దిగే వేగం) 120 వస్తే ఏదో ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఆ కాగితాలన్నీ మా ఇంట్లో ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. కలిపి చదివినవాళ్లే లేరు.

కాళ్లు వాచాక, నాన్న రక్తం చుక్క స్లైడ్ మీద పరిచి నేనే మైక్రోస్కోపులో చూశాను. ఎర్రకణాలు విడివిడిగా లేవు. రూపాయి బిళ్లలు దొంతి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నెల్లూరులో రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్, చెన్నైలో ఎముక మజ్జ పరీక్ష అయ్యాక మల్టిపుల్ మైలోమా అని తేలింది. అదొక రక్త క్యాన్సర్. అప్పటికే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4 దాటింది. ఈ జబ్బే కిడ్నీలను తినేస్తుంది, దానికి తోడు అన్ని నొప్పి సూదులు! మందులతో నాన్న లేచి తిరుగుతున్నారు కానీ డయాలసిస్ తప్పలేదు.

సూది వేసినాయన మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఫ్లోరైడ్ ఊళ్లో మైలోమా రాదని ఎక్కడా లేదు. యాభై, అరవై ఏళ్ల మనిషి నెల దాటినా నడుమో పక్కటెముకలో నొప్పంటూ, పాలిపోయి, నీరసంగా వస్తే ఇంకో సూది వేయకండి. సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్ (స్లైడ్ మీద రక్తం పరిచి చూడటం), క్రియాటినిన్, కాల్షియం, ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపండి. దొంతులు కనిపించలేదని స్మియర్ దగ్గరే ఆగిపోవద్దు, మిగతావీ చేయించాలి. జ్వరం తగ్గని పిల్లల ఒంటి మీద నీలి మచ్చలు కనిపిస్తే ఆ రోజే స్మియర్ చూపించండి. అది లుకేమియా అనే ఇంకో రక్త క్యాన్సర్ కావచ్చు. స్మియర్ చూడకుండా స్టెరాయిడ్ ఇస్తే ఆ జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది.

పక్క బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను. రెండు స్లైడ్లు ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి నాన్నది. భోజనాలకు వెళ్లేముందు ఒక్కొక్కరే వచ్చి రెండూ చూసి వెళ్లండి.