ఫ్రిస్కోలో 12 హైస్కూళ్లు: రేటింగ్ అంకె పక్కనపెట్టి పోల్చడం ఎలా?

నమస్కారం అండి. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో వైపు ఇల్లు చూస్తున్న మనవాళ్లు కార్యసిద్ధి హనుమాన్ గుడిలో కలిసినా, వాట్సాప్ గ్రూపులో రాసినా ముందు అడిగేది ఒకటే. "ఏ హైస్కూల్ మంచిదండీ?" వెంటనే ఎవరో ఒకరు ఎనిమిదనో, తొమ్మిదనో, పదనో ఒక రేటింగ్ చెప్తారు. ఆ అంకెను నమ్మి ఇంటి ధరలో పెద్ద మొత్తం అదనంగా పెట్టేవాళ్లు ఉన్నారు. అంత డబ్బు పెట్టే ముందు ఒక గంట నాతో కూర్చోండి. ఒకే డిస్ట్రిక్ట్‌లో ఉన్న రెండు హైస్కూళ్లను కాగితాలు ముందు పెట్టుకుని ఎలా పోల్చాలో చేసి చూపిస్తాను.

ముందు అడ్రస్. అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీకే (ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కే) వెళ్తారని లేదు. ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. ఫ్రిస్కో ఊళ్లోని కొన్ని ఇళ్లు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి. ప్లేనో, మెకిన్నీల్లోని కొన్ని కాలనీలేమో ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి. ఇల్లు అమ్మే వెబ్‌సైట్ చెప్పింది చాలదు. ఇళ్ల విలువ కట్టే ఆఫీసు, అంటే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఆ ఇంటి అడ్రస్ కొట్టండి. స్కూల్ ట్యాక్స్ ఏ డిస్ట్రిక్ట్‌కి కడుతున్నారో అక్కడ కనిపిస్తుంది. తర్వాత డిస్ట్రిక్ట్ సైట్‌లో అదే అడ్రస్ కొడితే ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్, ఏ హైస్కూల్ అనేది వస్తుంది.

ఈ జోన్లు మారుతుంటాయి. 2021లో ఎమర్సన్, 2022లో పాంథర్ క్రీక్ హైస్కూళ్లు తెరిచారు. కొత్త స్కూల్ వచ్చిందంటే చుట్టుపక్కల జోన్ల గీతలు మళ్లీ గీస్తారు. ఇప్పుడు పిల్లల సంఖ్య పెరగడం ఆగింది కాబట్టి, స్కూల్ మూసినా గీతలు మారతాయి. స్టేలీ మిడిల్ స్కూల్‌ని 2024-25తో మూసేశారు. మీ పాప ఇప్పుడు మూడో తరగతి అయితే, తొమ్మిదికొచ్చేసరికి ఆ గీత అక్కడే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇల్లు నచ్చి కొనండి. ఒక్క హైస్కూల్ పేరు చూసి మాత్రం కొనొద్దు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇక అసలు పోలిక. పక్కనున్న ఆలెన్‌లో ఊరంతటికీ ఒకటే హైస్కూల్. ప్లేనోలో 11, 12 తరగతులకు మూడు సీనియర్ హైస్కూళ్లు. ఫ్రిస్కో మాత్రం స్కూళ్లు చిన్నవిగా ఉండాలనుకుంది. ఒక్కో హైస్కూల్ సుమారు 2,100 మందికి సరిపోయేలా కట్టుకుంటూ 12కి చేరింది. ఈ పన్నెండింటికీ స్కూల్ ట్యాక్స్ రేటు ఒకటే, టీచర్ల జీతాల స్కేలు ఒకటే, సిలబస్ ఒకటే. మరి రేటింగ్‌లో తేడా ఎందుకొస్తోంది? చాలావరకు ఆ జోన్‌లో ఎవరుంటున్నారన్న దాన్ని బట్టి. తల్లిదండ్రుల చదువు, ఆదాయం, ట్యూషన్లు, ఇంట్లో మాట్లాడే భాష, ఇవన్నీ పరీక్ష మార్కుల్లో కనిపిస్తాయి. మార్కుల సగటు నుంచి వచ్చే రేటింగ్‌లో స్కూల్ నేర్పిందెంతో, పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదెంతో విడిగా తెలియదు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఇది టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ వాళ్ల టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్. స్కూల్ పేరు కొడితే ఏ నుంచి ఎఫ్ దాకా ఒక గ్రేడ్ వస్తుంది. అందులో మూడు భాగాలుంటాయి: స్టూడెంట్ అచీవ్‌మెంట్ (పిల్లల ఫలితాలు), స్కూల్ ప్రోగ్రెస్ (పిల్లలు ఎంత మెరుగుపడ్డారు), క్లోజింగ్ ద గ్యాప్స్ (పిల్లల గ్రూపుల మధ్య తేడాలు). మొదటి రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం వెయిటేజీ. కాబట్టి పైన ఉన్న గ్రేడ్ దగ్గర ఆగకుండా ప్రోగ్రెస్ భాగం తెరవండి.

నేను ఎక్కువసేపు చూసే కాగితం వేరే ఉంది. దాని పేరు టీఏపీఆర్, అంటే టెక్సస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్. అదే ఏజెన్సీ ప్రతి క్యాంపస్‌కీ విడిగా ఇస్తుంది. మీరు అనుకుంటున్న రెండు స్కూళ్ల రిపోర్టులు పక్కపక్కన తెరవండి. మొత్తం క్యాంపస్ సగటు వదిలేసి కుడివైపు కాలమ్స్‌కి రండి. ఏషియన్, ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు), ఇలా పిల్లల గ్రూపులు విడివిడిగా ఉంటాయి. ఒక స్కూల్లోని గ్రూపుని రెండో స్కూల్లోని అదే గ్రూపుతో పోల్చండి. సగటులో కనిపించిన పెద్ద తేడా ఇక్కడ చాలాసార్లు తగ్గిపోతుంది. తగ్గకపోతే మాత్రం అది పట్టించుకోవాల్సిన విషయం. పిల్లలు మరీ తక్కువగా ఉన్నచోట అంకెకి బదులు నక్షత్రం గుర్తు (*) పెడతారు, కంగారు పడకండి.

ఆల్జీబ్రా 1 వరుస దగ్గర జాగ్రత్త. టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షల్లో హైస్కూల్ కోర్సులవి ఐదు: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ. మన పిల్లల్లో చాలామంది ఆల్జీబ్రా ఏడులోనో ఎనిమిదిలోనో పూర్తి చేస్తారు. ఆ మార్కులు మిడిల్ స్కూల్ ఖాతాలోకి వెళ్తాయి. హైస్కూల్ ఖాతాలో మిగిలేది తొమ్మిదిలో ఆల్జీబ్రా తీసుకున్నవాళ్లవే. అందుకే మంచి హైస్కూల్లో కూడా ఆ ఒక్క వరుస తక్కువగా కనిపించొచ్చు. అది చూసి స్కూల్లో లెక్కలు సరిగ్గా చెప్పరనుకోవద్దు.

ఇంకా కిందికి వెళ్తే ఎస్‌ఏటీ, ఏసీటీ సగటులు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) పరీక్షల ఫలితాలు, సబ్జెక్టు వారీగా క్లాసులో ఎంతమంది, టీచర్ల సగటు అనుభవం ఎన్నేళ్లు, ఇవన్నీ ఉంటాయి. క్లాస్ సైజు, టీచర్ల అనుభవం, ఈ రెండూ నోట్ చేసుకోండి.

ఇప్పుడు ర్యాంకు గురించి. ఇళ్లల్లో గొడవలయ్యేది దీని దగ్గరే. టెక్సస్‌లో 1997లో చేసిన చట్టం ప్రకారం, హైస్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. ఫాల్ 2025కి అది 6 శాతం, ఫాల్ 2026 నుంచి 5 శాతం. ర్యాంకు లెక్కేసేది ఏ క్యాంపస్‌కి ఆ క్యాంపస్‌లోనే. పన్నెండో తరగతిలో 500 మంది ఉంటే 25 మందికే ఆ దారి. పోటీ ఎక్కువున్న స్కూల్లో ఏడో శాతం దగ్గర ఆగిన అమ్మాయి వేరే క్యాంపస్‌లో మూడో శాతంలో ఉండొచ్చు.

అలాగని ర్యాంకు కోసం ఇల్లు మారమని నేను చెప్పను. ఆటోమేటిక్ అడ్మిషన్ వస్తే యూనివర్సిటీలో సీటు ఖాయం, అంతే. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్ సీటు ఖాయం కాదు. వాటికి అప్లికేషన్‌ని విడిగా చూస్తారు. ఈ సంగతి తెలియక ర్యాంకు ఒక్కటే సర్వస్వం అనుకుని, పదిహేనేళ్ల పిల్లల్ని నిద్ర లేకుండా చేస్తున్న ఇళ్లున్నాయి. నాకు నిజంగా బాధేస్తుంది. ఆర్కెస్ట్రా అంటే ప్రాణం పెట్టే పిల్ల జీపీఏ భయంతో వయొలిన్ వదిలేయకూడదు.

కోర్సుల విషయంలో ఒక మంచి సంగతి. 2008లో తెరిచిన సీటీఈ (కెరీర్, టెక్నికల్ ఎడ్యుకేషన్) సెంటర్ అన్ని హైస్కూళ్ల పిల్లలకూ ఉమ్మడి. హెల్త్ సైన్స్, వెటర్నరీ లాంటివి అక్కడికి వెళ్లి నేర్చుకుంటారు. మీ హోమ్ క్యాంపస్ ఏదైనా ఫర్వాలేదు. కానీ క్యాంపస్‌లో జరిగే పైస్థాయి కోర్సుల సంగతి వేరు. కేటలాగ్‌లో పేరు ఉన్నా, చేరేవాళ్లు సరిపడా లేకపోతే ఆ ఏడాది క్లాసు పెట్టరు. చిన్న స్కూళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. అదే చిన్న స్కూల్లో వర్సిటీ టీమ్‌లో (స్కూల్ ప్రధాన ఆటల జట్టులో), డిబేట్‌లో, బ్యాండ్‌లో చోటు దొరకడం తేలిక. నలుగురిలో కలవడానికి వెనకాడే పిల్లలకి ఇది చాలా పెద్ద లాభమని నా నమ్మకం.

చివరిగా, కౌన్సెలింగ్ పేజీలో స్కూల్ ప్రొఫైల్ అనే పీడీఎఫ్ వెతకండి. మీ అబ్బాయి అప్లికేషన్‌తో పాటు కాలేజీలకి వెళ్లే కాగితం అదే. అది చదివాక కౌన్సెలర్‌కి ఈమెయిల్ పెట్టి ఇవి అడగండి. పోయినేడు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఫిజిక్స్ సీ క్లాస్ నిజంగా నడిచిందా? ఒక్కో కౌన్సెలర్‌కి ఎంతమంది పిల్లలు? ఆర్కెస్ట్రా, అథ్లెటిక్స్ మార్కులు జీపీఏలో లెక్కకొస్తాయా? మధ్యలో వేరే క్యాంపస్‌కి ట్రాన్స్‌ఫర్ అయితే వర్సిటీ ఆటల్లో ఏడాది ఆగాల్సి వస్తుందా? ఈమెయిల్‌ని రెండు స్కూళ్లకీ ఒకే రోజు పంపండి. వచ్చిన జవాబులు ఇంట్లో పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని చదవండి, ఆ నాలుగేళ్లు చదవాల్సింది వాళ్లే కదా.