కుల్చా జెండా, ఖాదీ జెండా, పాతిక రూపాయల జెండా

హోస్ట్: నమస్తే. మహారాష్ట్రలోని ధర్మాబాద్ నుంచి మాట్లాడుతున్నాం. తెలంగాణ సరిహద్దు దాటితే బాసర, ఇటు మేము. మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి, స్టేషన్ మా ఇంటికి దగ్గరే. ఇవాళ నా ముందు మా కాక కూర్చున్నాడు. మరాఠీ మీడియం బడిలో డ్రిల్ సార్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఏడాదికి నాలుగుసార్లు జెండా కట్టిన మనిషి.

కాక: నాలుగు అంటే సరిహద్దు అవతలివాళ్లకు లెక్క తేలదు బిడ్డా. జనవరి 26, ఆగస్టు 15 అందరికీ ఉన్నవే. మే 1 మహారాష్ట్ర దినం. సెప్టెంబర్ 17 మరాఠ్వాడా ముక్తి దినం, అది మా ఎనిమిది జిల్లాలకే. పుణెలో ఆ రోజు ఎవరి పని వాళ్లదే.

హోస్ట్: ముందు ఆ తలకిందుల కథ చెప్పు. ఇంట్లో అందరికీ తెలిసిందే, వీళ్లు కూడా వింటారు.

కాక: (నవ్వు) ఏ బడో చెప్పను. జెండా మడతలో బంతిపూల రేకులు పెట్టి, లాగగానే ఊడేలా ముడి వేసి ఉంచుతాం కదా. ముఖ్య అతిథి తాడు లాగాడు. పూలు రాలాయి, జెండా విచ్చుకుంది. పచ్చ రంగు పైన! నాలుగో తరగతి పిల్లగాడు తెలుగులో అరిచాడు, “సార్, ఉల్టా!” అని. అప్పటికే జనగణమన మొదలైంది. మధ్యలో ఆపలేం, కదలలేం. ఆ 52 సెకన్లు నాకు 52 ఏళ్లు.

హోస్ట్: తప్పు ఎవరిది?

కాక: నాదే. కాకపోతే అందులో గుడ్డ తప్పు కూడా ఉంది. పద్ధతి ప్రకారం కుట్టిన ఖాదీ జెండాకు కేసరి వైపు తాడు కొసన చిన్న కట్టె ముక్క ఉంటుంది. చీకట్లో తడిమినా ఏది పైనో తెలుస్తుంది. ఆ ఏడు ఎవరో బజారులో చవకది కొనుక్కొచ్చారు. దానికి కట్టె లేదు, ఏమీ లేదు.

హోస్ట్: కాకా, జెండా మార్చాలి, రంగులు మార్చాలి అని వాట్సాప్‌లో అప్పుడప్పుడూ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. నీకు కోపం రాదా?

కాక: కోపమెందుకు? మన ఊళ్లోనే జెండా మారింది. 1948 సెప్టెంబర్ 17 దాకా ఇక్కడ ఎగిరింది నిజాం జెండా. పసుపు గుడ్డ, మధ్యలో తెల్లటి గుండ్రం. ఆ గుండ్రాన్ని కుల్చా అంటారు.

హోస్ట్: కుల్చా అంటే తినే రొట్టేనా?

కాక: అదే. మొదటి నిజాం ఆకలితో ఒక సూఫీ సాధువు దగ్గరికి వెళ్తే, ఆయన పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టాడట. ఏడు తిన్నాడట. “నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది” అన్నాడట సాధువు. చరిత్ర కాదు, కథే. కానీ ఆసఫ్ జా బిరుదుతో ఏలిన నిజాంలు సరిగ్గా ఏడుగురే అయ్యారు, అందుకే కథ బతికింది. ఇంకొకటి తిని ఉంటే ఏమయ్యేదో!

హోస్ట్: అంటే 1947 ఆగస్టు 15న ఇక్కడ తిరంగా లేదు.

కాక: ఎగరేస్తే జైలు. నాందేడ్ యూనివర్సిటీకి పేరు పెట్టారు చూడు, నిజాంతో పోరాడిన స్వామి రామానంద తీర్థ, ఆయన్ని ఆ రోజే అరెస్టు చేశారు. మా బాపుకు 1948లో 13 ఏళ్లు. తిరంగా మొదటిసారి చూసినప్పుడు మధ్యలో చక్రం చూసి, “ఇది బండి చక్రమా, రాట్నమా?” అని అడిగాడట. ఎవరూ సరిగ్గా చెప్పలేదట.

హోస్ట్: మంచి ప్రశ్నే కదా. ముందు రాట్నమే ఉండేది.

కాక: 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చిన నమూనాలో రెండే రంగులు, ఎరుపు, పచ్చ. హిందువులకొకటి, ముస్లింలకొకటి అన్నారు. తెలుపు మిగతావాళ్ల కోసమని గాంధీజీ చేర్పించాడు, రాట్నం కూడా అప్పుడే. అక్కడే గొడవ మొదలు. రంగును మతానికి పంచితే, మా వాటా ఏదని అడగరా? సిక్కులు అడిగారు. నాందేడ్ గురుద్వారా చూసినవాళ్లకు జెండా అంటే సిక్కులకు ఎంత పట్టింపో చెప్పక్కర్లేదు.

హోస్ట్: అందుకే 1931లో కాంగ్రెస్ వాళ్లు జెండా కమిటీ వేశారు. నేను చదివి ఆశ్చర్యపోయింది ఇక్కడే. పటేల్, నెహ్రూ, ఆజాద్, తారాసింగ్, మన పట్టాభి సీతారామయ్య, అంతా ఉన్న కమిటీ సిఫారసు చేసింది మొత్తం కేసరి జెండా! మూలన రాట్నం, అంతే.

కాక: ఏఐసీసీ, అంటే కాంగ్రెస్ మహాసభ కమిటీ, ఒప్పుకోలేదుగా. మూడు రంగులే ఉంచి, ఎరుపు తీసి కేసరి పెట్టి, రంగులకూ మతాలకూ సంబంధం లేదు అని తేల్చింది. నా లెక్కలో అసలు మార్పు అది. గుడ్డ దాదాపు అదే, అర్థం మారింది. ఇప్పటికీ క్లాసులో పిల్లలు కేసరి వాళ్లది, పచ్చ వీళ్లది అని చెబుతారు. దిద్దీ దిద్దీ అలసిపోయాను.

హోస్ట్: మరి చక్రం?

కాక: 1947 జూలై 22. రాజ్యాంగ సభలో నెహ్రూ చెప్పిన కారణం నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే అది డ్రిల్ సార్ కారణం! రాట్నానికి ఒక పక్క చక్రం, ఒక పక్క కదురు. గుడ్డకు అవతలి వైపు నుంచి చూస్తే తిరగబడుతుంది. చక్రం ఎటు చూసినా చక్రమే. 24 ఆకులు, అశోకుడి సారనాథ్ స్తంభం మీది నుంచి తీసుకున్నారు. చక్రం లోపల స్వస్తిక్ ఉండాలని కామత్ అనే సభ్యుడు సవరణ తెచ్చి, మళ్లీ ఉపసంహరించుకున్నాడు. గాంధీజీకి మాత్రం రాట్నం పోవడం నచ్చలేదు.

హోస్ట్: పచ్చ అంటే నేల, పంట అని రాధాకృష్ణన్ ఆ సభలోనే చెప్పారు. మిర్చి ఊరు మనది, ఆ మాట మనకు ఇట్టే అర్థమవుతుంది.

కాక: మిర్చి అయితే ఎరుపు ఉంచమనేవాళ్లం. (నవ్వు)

హోస్ట్: ఇప్పుడు అసలు గొడవకొద్దాం. 2021 డిసెంబర్ చివర్లో ఫ్లాగ్ కోడ్, అంటే జెండా నియమాలు, మార్చారు. చేత్తో వడికి నేసిన గుడ్డే ఉండాలన్న నియమం పోయి మిషన్‌ది, పాలిస్టర్‌ది కూడా చెల్లుతుంది.

కాక: రంగు మారిస్తే దేశమంతా అరిచేది. నూలు మారిస్తే ఎవరూ చూడలేదు. రాట్నం బొమ్మ 1947లో పోయినా, రాట్నం గుడ్డలో ఉండేది. ఇప్పుడు గుడ్డలోంచి కూడా పోయింది. జెండా ఖాదీ తయారయ్యేది ఎక్కడో అనుకుంటారు, మన నాందేడ్‌లోనే బిడ్డా, మరాఠ్వాడా ఖాదీ గ్రామోద్యోగ్ సమితిలో. అటు హుబ్లీలో. ఆ పనివాళ్ల సంగతి?

హోస్ట్: నాకు అర్థమవుతుంది. కానీ 2002కు ముందు మామూలు మనిషి ఏడాదంతా ఇంటి మీద జెండా ఎగరేసుకునే వీలే లేదు. వీలు వచ్చాక ఖాదీ ధర ఎవరు పెట్టాలి? 2022లో పోస్టాఫీసులో 25 రూపాయలకు అమ్మారు. మన వీధిలో కూలికి పోయే ఇళ్ల మీద కూడా ఎగిరింది. అది తప్పా?

కాక: ఇంటికి తప్పు కాదు. బడికి, సర్కారు కచేరీకి ఖాదీ ఉండాలి. ప్రభుత్వమే కొనకపోతే ఇంకెవరు కొంటారు?

హోస్ట్: సరే, దీనికి ఒప్పుకుంటాను. సగం.

కాక: మన మేడ మీదిది ఏ గుడ్డ?

హోస్ట్: పాలిస్టర్. నేనే కొన్నాను, ఆ పాతిక రూపాయలదే.

కాక: కట్టె ముక్క ఉందా దానికి?

హోస్ట్: లేదు.

కాక: అయితే కేసరి వైపు తాడుకు ఒక ముడి వేసి పెట్టు. ఎల్లుండే పదిహేడు.