ఎమ్మారైలో బల్జ్ ఉంది సరే, నొప్పి దానిదేనా?

హోస్ట్: నమస్కారం సార్. ముందే చెప్తున్నా, ఈరోజు ప్రశ్నల్లో సగం మా మావయ్యవి. నడుములో మొదలై ఎడమకాలు పిక్క దాకా లాగుతోందట. ఎమ్మారై తీయిస్తే రెండుచోట్ల డిస్క్ బల్జ్ అని వచ్చింది, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బిందట. నడుము కిందిభాగంలో పైది ఎల్4-ఎల్5, కిందిది ఎల్5-ఎస్1. ఇంట్లో అప్పుడే ఆపరేషన్ మాటలు నడుస్తున్నాయి.

డాక్టర్: ఆ రిపోర్టు కాసేపు కవర్లోనే ఉండనివ్వండమ్మా. నొప్పి నడుములో ఎక్కువా, కాల్లో ఎక్కువా?

హోస్ట్: కాల్లోనే. దగ్గినా తుమ్మినా కరెంటు కొట్టినట్టు పాదం దాకా దిగుతుందంటున్నారు.

డాక్టర్: అలా చెప్తే నరం మొదట్లోనే ఒత్తిడి ఉందని అనుమానించాలి. కండరం పట్టేస్తే నొప్పి నడుము, పిరుదు చుట్టూనే తిరుగుతుంది, మోకాలు దాటడం తక్కువ. ఇక ఏ నరం అన్నది పాదం చూస్తే చాలావరకు తెలుస్తుంది. బొటనవేలు పైకెత్తడంలో బలం తగ్గి, పాదం పైభాగం మొద్దుబారితే ఎల్5 నరం. మునివేళ్ల మీద నిలబడలేక, చిటికెనవేలి వైపు తిమ్మిరెక్కితే ఎస్1 నరం. మడమ పైన సుత్తితో కొట్టినా పాదం కదలదు వాళ్లకి. పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలెత్తితే నొప్పి పాదం వైపు దిగుతుందా అనీ చూస్తాం. బాగున్న కాలు ఎత్తినా నొప్పికాల్లో లాగిందంటే డిస్క్ మీద అనుమానం బాగా బలపడుతుంది.

హోస్ట్: ఇవన్నీ ఎవరూ చూసినట్టు లేదు సార్. స్కాన్ రాసిచ్చారంతే.

డాక్టర్: ఇప్పుడు తీయండి రిపోర్టు. ఒత్తిడి ఏ వైపు అని రాశారు?

హోస్ట్: ఒక్క నిమిషం... ‘కుడి ఎస్1 నరాన్ని తాకుతోంది’ అని ఉంది. అరె, మావయ్యకి నొప్పి ఎడమవైపు కదా!

డాక్టర్: చూశారా. కింది డిస్క్‌కి, ఈ నొప్పికి సంబంధం లేకపోవచ్చు. అసలు కారణం పైదా, ఇంకేదైనానా అన్నది పరీక్ష చేసే తేల్చాలి. 1994లో అమెరికాలో నడుంనొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. 52 శాతం మందికి కనీసం ఒకచోట బల్జ్ కనిపించింది! అందుకే ప్రమాద లక్షణాలు లేకపోతే మొదటి ఆరు వారాల్లో స్కాన్ అక్కర్లేదంటాను. వైద్యం మారదు, ఇంట్లో భయం పెరుగుతుంది.

హోస్ట్: డిస్క్ కాకపోతే ఇంకేం ఉంటాయి?

డాక్టర్: అరవై దాటినవాళ్లలో వెన్నులో నరాల దారి ఇరుకైపోతుంది. వంద గజాలు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కుతాయి. కూర్చున్నా, ముందుకి వంగినా హాయి. సైకిలైతే ఎంతసేపైనా తొక్కుతారు. కాలి రక్తనాళం పూడుకున్నా నడిస్తే పిక్క పట్టేస్తుంది గానీ, వాళ్లకి ఊరికే నిలబడితే చాలు, తగ్గిపోతుంది. వాళ్లు సైకిల్ తొక్కినా నొప్పే. పొగతాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో పాదం దగ్గర నాడి చూడకుండా పంపకూడదు. షుగర్ వల్ల వచ్చే మంటలు వేరు, అవి రెండు అరికాళ్లలో మొదలవుతాయి. తుంటి కీలు అరిగితే నొప్పి గజ్జల్లో. మన దగ్గర వెన్నెముక టీబీని కూడా మర్చిపోకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే ఆరు వారాలు ఆగేది లేదు, వెంటనే స్కాన్.

హోస్ట్: మా అమ్మమ్మ వైద్యం ఇంకోటుంది సార్. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకోవడం!

డాక్టర్: (నవ్వుతూ) పట్టేసిన నడుము ఎలాగూ నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, పేరు తన్నినవాళ్లకి వస్తుంది. టీబీతో బలహీనపడ్డ వెన్ను మీద ఆ దెబ్బ పడితే మాత్రం కాళ్లు పడిపోవచ్చు.

హోస్ట్: మరి నిజంగా డిస్కే అయితే?

డాక్టర్: చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. బయటికొచ్చిన డిస్క్ ముక్కని శరీరం తనంతట తానే కరిగించుకుంటుంది. పెద్ద ముక్కలే బాగా కరగడం తరచూ చూస్తాం. మంచానికి అతుక్కుపోవద్దు, ఓర్చుకోగలిగినంత నడవాలి. ఫిజియో మంచిదే. నొప్పిబిళ్లలు కొద్దిరోజులే, కిడ్నీ, బీపీ, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు అడక్కుండా వేసుకోకూడదు.

హోస్ట్: ‘నరాల మాత్ర’ అని ఒకటి రాస్తారు కదా, ప్రెగాబాలిన్. మావయ్యకీ రాశారు.

డాక్టర్: మన ప్రిస్క్రిప్షన్లలో అది అలవాటుగా పడిపోతోంది, నాకు నచ్చదు. షుగర్ మంటలకి పనిచేస్తుంది. సయాటికా, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే ఈ నరం నొప్పి, దాని సంగతి వేరు. ఆస్ట్రేలియాలో 209 మంది మీద ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. నొప్పిలో తేడా లేదు, తల తిరగడం మాత్రం ఎక్కువ. అయితే ఎన్నాళ్లుగానో వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

హోస్ట్: ఆపరేషన్ ఎప్పుడు?

డాక్టర్: వారాలు గడిచినా కాలినొప్పి బతకనివ్వకపోతే, పరీక్షా స్కానూ ఒకే నరాన్ని చూపిస్తే. నెదర్లాండ్స్‌లో 283 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి త్వరగా ఆపరేషన్ చేశారు, రెండో జట్టుని ఆగమన్నారు. 2007లో వచ్చిన అధ్యయనం ఇది. ఆపరేషన్ అయినవాళ్లకి నొప్పి త్వరగా పోయింది. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లలోనూ 95 శాతం కోలుకున్నారు. కాకపోతే ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కే వెళ్లారు. కాబట్టి ఎంత ఓర్చుకోగలరు, పని ఎన్నాళ్లు మానుకోగలరు అన్నది రోగి చెప్పాలి.

హోస్ట్: అస్సలు ఆగకూడనివి?

డాక్టర్: ఒంటికి రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం. రెండు కాళ్లూ బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా ‘రేపు పొద్దున చూద్దాం’ అనకుండా ఆ రాత్రే ఎమ్మారై, న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. పాదం పైకి లేవకుండా రోజురోజుకీ జారిపోతున్నా ఆలస్యం చేయొద్దు.

హోస్ట్: ఒంటికి సంగతి సిగ్గుపడి చెప్పరు సార్, మా ఇంట్లో అయితే అసలే చెప్పరు.

డాక్టర్: అందుకే వాళ్లు చెప్పేదాకా చూడను, నేనే అడిగేస్తాను.