గీజర్ కొనేముందు మీ ఇంటి నీళ్లు చూడండి

[తెర మీద: విప్పిన గీజర్ కాయిల్. చుట్టూ గట్టిపడిన తెల్ల గార.]

ఇది హైదరాబాద్ నిజాంపేటలో మా అమ్మ వాళ్లింటి గీజర్ కాయిల్. కొని మూడేళ్లు కూడా కాలేదు. కొన్నాళ్లుగా వేసినప్పుడల్లా లోపల టపటపమని చప్పుడు. మొన్న చలిలో పూర్తిగా ఆగిపోయింది. విప్పిస్తే ఇదిగో, సున్నం ముద్ద!

[వ్యాఖ్యాత కెమెరా ముందుకు]

గీజర్ అనగానే అందరూ ఏ కంపెనీ, ఎన్ని స్టార్లు అని అడుగుతారు. నేను అడిగేది ఒక్కటే: మీ బాత్రూంలోకి వచ్చేవి ఏ నీళ్లు? కృష్ణా, మంజీరా నల్లా నీళ్లయితే పెద్ద బెంగ లేదు. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లకు బోరు, ట్యాంకర్ నీళ్లే దిక్కు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వేడి తగలగానే ఆ కాల్షియం గారగా మారి కాయిల్‌కి అంటుకుంటుంది. గార అడ్డుపడి, నీళ్లలోకి వేడి పోలేక కాయిల్ తనే కాలిపోతుంది. ఇంట్లో సబ్బు నురగ రావట్లేదా, కందిపప్పు ఎంతకీ ఉడకట్లేదా, నల్లాల మీద తెల్ల మరకలా? మీవి ఉప్పు నీళ్లే. గ్లాస్ కోటింగ్ ఉన్న కాయిల్, ట్యాంకు అడిగి తీసుకోండి.

[తెర మీద: రెండు బకెట్లు, 15 లీటర్ల గీజర్]

బకెట్ స్నానానికి 15 లీటర్లది చాలు. 60 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు కలిపితే దాదాపు రెండు బకెట్లు వస్తాయి. షవర్ వాడితే 25 లీటర్లది.

స్టార్ల సంగతి చాలామందికి తెలియదు. కాచిన నీళ్లు ఊరికే నిల్వ ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందో అదే ఆ స్టార్లు చెప్పేది. ఇరవై నిమిషాలు వేసి, స్నానం చేసి, కట్టేసే ఇంట్లో స్టార్లతో పెద్ద తేడా రాదు. రోజంతా వేసి ఉంచేవాళ్లకు మాత్రం 5 స్టార్ తప్పనిసరి.

ఎత్తైన టవర్లలో ఉండేవాళ్లు 8 బార్ రేటింగ్ ఉందా అని చూడండి. బార్ అంటే నీటి ఒత్తిడి కొలత. మీ గీజర్ కన్నా పైన ఉన్న నీళ్ల ట్యాంకు ఎత్తు పది మీటర్లు పెరిగితే దాదాపు 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. ప్రెజర్ పంపు ఉంటే ఇంకా ఎక్కువ.

[తెర మీద: అరిగిపోయిన సన్నటి కడ్డీ, పక్కన కొత్తది]

ఈ కడ్డీ పేరు యానోడ్ రాడ్. మెగ్నీషియంతో చేస్తారు. తుప్పు ట్యాంకును తినకుండా ముందు దీన్నే తింటుంది. ఇది అయిపోయిందంటే తర్వాత వంతు ట్యాంకుదే. మెకానిక్ సర్వీసింగ్‌కి వచ్చి పైపైన తుడిచి వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి. "యానోడ్ తీసి చూపించు బాబూ" అనండి. బోరు నీళ్లయితే ఏటా, చలికాలానికి ముందే, దసరా వెళ్లగానే ఈ పని పెట్టుకోండి. నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ని 55 డిగ్రీల దగ్గర ఉంచితే గార కూడా నెమ్మదిగా పడుతుంది.

[తెర మీద: గీజర్ కింద వాల్వ్ నుంచి చుక్కలు]

ఇది ప్రాణాలకు సంబంధించింది, జాగ్రత్తగా వినండి. నీళ్లు కాగేటప్పుడు వ్యాకోచిస్తాయి. అప్పుడు ఈ సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడటం మామూలే. బాత్రూం తడుస్తోందని దానికి మూత బిగించిన ఇళ్లు చూశాను. చాలా ప్రమాదం! థర్మోస్టాట్ పాడైన రోజున పెరిగే ఒత్తిడి బయటికి పోవడానికి ఇంకో దారి ఉండదు. చుక్కలు ఇబ్బందిగా ఉంటే సన్నటి పైపు పెట్టి డ్రెయిన్‌లోకి వదలండి.

16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. సర్వీసింగ్ అయ్యాక వేడినీళ్ల నల్లా తిప్పి, ధార ఆగకుండా వస్తేనే స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది.