తొలి స్కానింగ్‌లో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

(తెరపై: చివరి నెలసరి మొదటి రోజును గుర్తించిన క్యాలెండర్)

గర్భ నిర్ధారణ పరీక్షలో రెండు గీతలు రాగానే మర్నాడే స్కానింగ్ చేయించుకోవాలనిపించడం సహజమే గాని, అంత తొందరపడితే కనిపించేది తక్కువ, కలిగే కంగారు ఎక్కువ. వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఫలదీకరణ జరిగేది దాదాపు రెండు వారాల తరువాత. కనుక ఆరు వారాలు నిండాయని డాక్టరు చెప్పిన రోజున పిండం వయసు నాలుగు వారాలే.

(తెరపై: స్కాన్ చిత్రం)

యోని ద్వారా చేసే స్కాన్‌లో, అయిదు వారాల ప్రాంతంలో గర్భాశయం లోపల తెల్లటి అంచు గల చిన్న నల్లటి మచ్చ కనిపిస్తుంది. అదే జెస్టేషనల్ శాక్, అంటే పిండం పెరిగే ద్రవపు తిత్తి. కొద్ది రోజులకు అందులో ఉంగరం ఆకారంలో యోక్ శాక్ (పిండానికి తొలి పోషణ అందించే చిన్న తిత్తి), ఆరు వారాలు నిండే సమయానికి దాని పక్కనే కొద్ది మిల్లీమీటర్ల పిండం, ఆ పిండంలో మిణుకుమిణుకుమంటూ కొట్టుకునే గుండె వరుసగా కనిపిస్తాయి. కొలతలు తీసుకునేటప్పుడు డాక్టరు మాట్లాడకుండా తెరవైపే చూస్తూ ఉంటారు. ఆ మౌనానికి చెడు అర్థం తీయనక్కర్లేదు.

అయితే ముప్పయి అయిదు రోజులకోసారి నెలసరి వచ్చేవారిలో అండం సుమారు వారం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి, క్యాలెండర్ ప్రకారం ఆరు వారాలైనా తెరపై అయిదు వారాల గర్భమే కనిపించవచ్చు. అందుకే గుండె కదలిక కనిపించలేదన్న ఒక్క మాటతో గర్భం నిలవలేదని తేల్చకూడదు. యోని ద్వారా చేసిన స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి ఉండి గుండె కదలిక లేకపోయినా, శాక్ సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి ఉండి పిండమే లేకపోయినా మాత్రమే ఒకే స్కాన్‌తో ఆ నిర్ణయానికి వస్తారు. కొలతలు అంతకంటే తక్కువగా ఉంటే, వారం నుంచి రెండు వారాల వ్యవధిలో మళ్లీ చూడవలసిందే. ఆ ఎదురుచూపు కష్టమైనదే, కానీ తొందరపాటు నిర్ణయం కంటే నయం.

(తెరపై: ప్రోబ్, జెల్)

పొట్టమీద చేసే స్కాన్‌కు మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పక్కకు తొలగి గర్భాశయం స్పష్టంగా కనిపిస్తుంది. యోని ద్వారా చేసేదానికి మూత్రవిసర్జన చేసి రావాలి. ఈ రెండో పద్ధతి వల్ల గర్భం పోతుందన్న భయం నిరాధారం. రెండింటిలోనూ వాడేది ధ్వని తరంగాలే గాని ఎక్స్‌రే కాదు.

నిజానికి ఈ స్కాన్ ముందుగా తేల్చవలసింది గర్భం గర్భాశయంలోనే ఉందా అన్నది. ఫెలోపియన్ ట్యూబులో (అండం గర్భాశయానికి చేరే నాళంలో) పెరిగే గర్భం ప్రాణాపాయం కాగలదు. కాబట్టి పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం, భుజం కొనలో నొప్పి ఉంటే స్కాన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కవలలైతే వారికి మాయ ఒకటేనా, వేర్వేరా అన్నది కూడా మొదటి మూడు నెలల్లోనే బాగా తెలుస్తుంది.

(తెరపై: రిపోర్టులో సీఆర్‌ఎల్ అంకె)

రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉండేది తల నుంచి పిరుదుల వరకు పిండం పొడవు. ఈ దశలో పిండాల ఎదుగుదల ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, ఈ కొలతతో కట్టే కాన్పు తేదీలో తేడా వారానికి మించదు. తరువాతి స్కాన్‌లలో బిడ్డ కాస్త పెద్దగానో చిన్నగానో కనిపించినా ఈ తేదీని మార్చరు. అందువల్ల ఈ రిపోర్టును కాన్పు అయ్యేవరకు ఫైలులో భద్రపరచి ప్రతిసారీ వెంట తీసుకువెళ్లాలి.